చండ్ర మేకు

నాకు కోపం ఎక్కువ. పాతికేళ్ళ కిందట బొబ్బిలి దగ్గర మా ఊరు వదిలి ఈ కొండల్లోకి వచ్చిందీ కోపంతోనే. చిన్నాన్నతో మాటా మాటా పెరిగి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని దొరికిన బస్సెక్కితే అది పాడేరులో దింపింది. బస్టాండు వెనక రేకుల షెడ్డులో వడ్రంగి దుకాణం పెట్టాను. నా పేరు వరహాలరావు. అందరూ వరాలు మేస్త్రి అంటారు. వరాలిచ్చే మొహం కాదులే అని వెనకాల నవ్వుకుంటారని కూడా తెలుసు.

మాది వీణలు చేసే ఇల్లు. ఒక్క పనస దుంగ తీసుకుని గుండ్రటి కుండా, పొడుగాటి దండీ అందులోంచే తొలిచి తీస్తాం. ఎక్కడా అతుకుండదు. అలాంటి ఇంట్లో పుట్టి, హాస్టలు బల్లలకు కాళ్ళు అతికి బతికినవాణ్ణి నేను. ఏజెన్సీలో చర్చికొక గిటారో హార్మోనియమో ఉంటుంది కాబట్టి, అవి పాడైతే నా దగ్గరికి వచ్చేవి. గిటారంటే నాకు గిట్టదు. అందులోనూ కరెంటు గిటార్లు. కుండ ఒక చెక్క, దండి ఇంకో చెక్క. రెంటినీ వెనకనుంచి నాలుగు స్క్రూలు పెట్టి బిగించేస్తారు, మంచానికి కోడు బిగించినట్టు. దాన్ని వాయిద్యం అనడానికి నాకు నోరు రాదు.

అయినా రెండువేల నాలుగు మార్చిలో సోఫియా తెచ్చిన పని ఒప్పుకున్నాను. సోఫియా మిషన్ స్కూల్లో టీచరు, ఇరవై రెండేళ్ళ పిల్ల. గోనెసంచిలోంచి బేసు గిటారు కుండ ఒకటి తీసి నా బల్ల మీద పెట్టింది. విశాఖపట్నంలో ఎవరో పాటలు మానేసిన పెద్దాయన దగ్గర కొన్నదట. దీనికి దండేదమ్మా అంటే, ఇంటి దగ్గరుంది, అది మా అన్నది అని చెప్పింది.

అన్న పేరు నతానియేల్. పెదబయలు చర్చిలో బేసు వాయించేవాడు. రెండువేల రెండు డిసెంబరులో, అరకులో క్రిస్మస్ పాటలు ముగించుకుని జీపులో తిరిగొస్తుంటే ఘాటు రోడ్డు మలుపులో జీపు బోల్తాపడింది. మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. నతానియేల్ ఒక్కడే దక్కలేదు. వాడి ఒళ్ళో ఉన్న గిటారు కుండ ముక్కలైంది. దండికి గీత కూడా పడలేదు.

ఈస్టరు ఆదివారం తెల్లారగట్ల పెదబయలు చర్చివాళ్ళు సమాధుల దొడ్లో ఆరాధన చేస్తారు. ఆ రోజు అన్న సమాధి దగ్గర అన్న గిటారే వాయించాలని ఆ పిల్ల పట్టుదల. అదొక్కటే అయితే ఇంకో గిటారు చూసుకోమనేవాణ్ణి. అసలు సంగతి తర్వాత చెప్పింది. వాళ్ళమ్మ మగ్దలేనమ్మ, కొడుకు పోయిన దగ్గర్నుంచి ఇల్లు కదలడం లేదు. పూడ్చిపెట్టిన రోజు రాలేదు, ఏడాది ప్రార్థనకీ రాలేదు. కాఫీ తోట పని మానేసింది. ఎవరు పిలిచినా గడపలో కూర్చుని రానంటుంది. నతానియేల్ గిటారు మళ్ళీ మోగితే మాత్రం సమాధి దగ్గరికి వస్తానని కూతురికి మాటిచ్చింది.

"ఒక్కపాలి అమ్మ ఆ సమాధి సూడాల, మేస్త్రిగారూ," అంది సోఫియా. "సూడకపోతే ఆ గడపలోనే అయిపోద్ది."

దండిని తల్లి ఇల్లు దాటనివ్వదట. దాన్ని ముట్టుకునే మనిషిని ముందు చూడాలందట. అంచేత నేనే బయల్దేరాను.

పెదబయలు దాకా జీపు, అక్కణ్ణుంచి గంట నడక. ఊరి పేరు నీలిగరువు. ఇరవై ఇళ్ళుంటాయి. సగం మంది చర్చికి పోతారు, సగం మంది పాత దేవతలనే కొలుస్తారు, ఇద్దరూ ఒకరి పెళ్ళిళ్ళకు ఒకరు పోతారు. ముందు రోజు వాన పడిందేమో, కాఫీ చెట్లన్నీ తెల్లగా పూసి, వాసన తలకెక్కేలా ఉంది. జీపులో మేకలతో పాటు వేలాడుతూ వచ్చినవాడికి పూల వాసన ఏం పడుతుంది. నా కోపం అప్పటికే నషాళానికి అంటింది.

గుమ్మం ముందు చెప్పులు విప్పుతుంటే ఎడమకాలి బొటనవేలు దేనికో తగిలి గోరు లేచిపోయింది. చూస్తే గడపకు ఎడమ పక్క నేలలో దిగ్గొట్టిన కర్ర మేకు. మూడు వేళ్ళ ఎత్తు పైకి ఉంది. దానికి కట్టిన తాడు లేదు, పశువు లేదు. సోఫియా నీళ్ళకు వెళ్ళింది, తల్లి లోపల దండి దింపుతోంది. తిట్టుకుంటూ రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఆడించి మేకు పీకేశాను. జానెడు పొడుగుంది. అవతల విసిరేద్దామని చెయ్యెత్తి, ఆగిపోయాను.

చండ్ర కర్ర. నల్లెర్రటి చేవ. మట్టిలో ఎన్నాళ్ళుందో గానీ చెద ముట్టలేదు, నెర్రె పట్టలేదు, వేలితో కొడితే ఖణేల్మంది. ఇలాంటి ముక్క చూసి వదిలేసేవాడు వడ్రంగే కాదు. సంచిలో వేసుకుని, కన్నాన్ని మడమతో పూడ్చేశాను. దొంగతనమని అనిపించలేదు. గుమ్మం ముందు కాలికి అడ్డం తీసి ఉపకారం చేశాననే అనుకున్నాను.

ఒక్కటి మాత్రం అప్పుడే గమనించాను. కర్రకు మొదలూ చివరా ఉంటాయి, పీచు చూస్తే తెలిసిపోతుంది. గుంజ పాతేవాడు ఎవడైనా మొదలు కిందికి పెడతాడు, చెట్టు నిలబడ్డట్టు. ఈ మేకును చివర వైపు చెక్కి, తలకిందులుగా దిగ్గొట్టారు. పని రాని వెధవెవడో అనుకున్నాను.

మగ్దలేనమ్మ దండిని తెల్ల చీర ముక్కలో చుట్టి తెచ్చింది. చిక్కిపోయిన మనిషి. నా చేతులు రెండూ తిప్పి తిప్పి చూసి, ఏమీ అనకుండా నా ఒళ్ళో పెట్టింది. నేను మట్టి చేతుల్ని పంచెకు తుడుచుకున్నాను.

దుకాణానికి వచ్చి దండిని కుండలో కూర్చోబెట్టి చూస్తే కన్నాలు కలవలేదు. కొత్త కుండ కన్నాలు కాస్త లోపలికి ఉన్నాయి. పాత కన్నం అంచులో కొత్తది వేస్తే బరమా జారి పాతదాంట్లోకే పోతుంది. ముందు పాతవాటికి గట్టి చెక్క బిరడాలు కొట్టి మూసి, జిగురు ఆరాక కొత్త కన్నాలు వేసుకోవాలి. సగం స్క్రూ ఆ బిరడానే పట్టుకుని ఉండాలి కాబట్టి మెత్తని చెక్క పనికిరాదు. నా దగ్గర టేకుంది, పనసుంది. చెయ్యి మాత్రం చండ్ర మేకు మీదికే పోయింది.

వారం రోజులు రేకు మీద ఎండబెట్టి, మొన వైపు కోసి పక్కన పడేసి, మిగిలినదాన్ని నాలుగుగా చీల్చాను. గుండ్రంగా చెక్కి, గాజుపెంకుతో గీకి, జిగురు రాసి, కర్రసుత్తితో ఒక్కొక్కటీ దిగ్గొట్టాను. నాలుగోది దిగగానే బస్టాండులో కండక్టర్ల కేకలు, జీపుల హారన్లు ఒక్కసారి దూరమైపోయాయి, ఎవరో తలుపు మూసినట్టు. తల తిప్పి చూశాను. తలుపు బార్లా తీసే ఉంది.

మర్నాడు బిరడాల తలలు చదును చేశాను. అటు చివర తీగ ఉండే చోటా ఇటు చివర తీగ ఉండే చోటా దారాలు లాగి, దండి వంకర లేదని చూసుకున్నాను. కుండ కన్నాల్లోంచి సన్న చీల దింపి గుర్తులు కొట్టాను. బరమా పుల్లకు కాగితం చుట్టి లోతు చూసుకున్నాను. స్క్రూలకు సబ్బు రాసి తిప్పితే, అబ్బ, ఒక్కొక్కటీ ఎంత బిగువుగా కూర్చుందో. నా పని చూసి నేనే మురిసిపోయి, తీగలు కట్టి గోడకు తగిలించాను. ఈస్టరుకు ఇంకా రెండు వారాలుంది.

తెల్లారి దుకాణం తీసేసరికి నాలుగు స్క్రూలూ రెండేసి చుట్లు బయటికి వచ్చి ఉన్నాయి.

చెక్క ఎండి ముడుచుకుంటే స్క్రూ వదులవుతుంది. అది నాకొకడు చెప్పక్కర్లేదు. కానీ వదులైన స్క్రూ కన్నంలో ఊగుతుంది, బయటికి నడిచి రాదు. ఇవి ఊగలేదు. బిగువుగా ఉంటూనే బయటికి వచ్చాయి, నాలుగూ ఒకే లెక్కలో. తిట్టుకుంటూ బిగించాను. మర్నాడూ అంతే. మైనం పెట్టాను, జిగురు పెట్టాను. ఆ మర్నాడూ రెండేసి చుట్లు. ఇన్నేళ్ళలో నా పని నా మొహాన ఇలా ఉమ్మలేదు. దుకాణానికి వచ్చినవాళ్ళందరి మీదా అరిచాను.

వచ్చేవాళ్ళ వరసలో కూడా ఏదో తేడా ఉంది. అది కనిపెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. నా గుమ్మం వెడల్పే, ఇద్దరు పక్కపక్కన రావచ్చు. వచ్చినవాళ్ళందరూ కుడి ద్వారబంధాన్ని రాసుకుంటూ, భుజం పక్కకు తిప్పి మరీ లోపలికి వస్తున్నారు. ఎడమ పక్క గడప మీద పడుకునే వీధికుక్క రోడ్డు అవతలికి మారిపోయి, అక్కణ్ణుంచి నా గుమ్మం కేసే చూస్తోంది. పక్క హోటలు యర్రమ్మ టీ తెచ్చినప్పుడు అడిగేశాను, మధ్యలోంచి రాకుండా ఆ వంకర నడకేమిటని.

"ఎవలో నిలబడ్డారు గదా అని," అంది యర్రమ్మ. అని, వెనక్కి తిరిగి చూసి, టీ గ్లాసు నా చేతికివ్వడం మరిచిపోయి వెళ్ళిపోయింది.

ఆ రోజే మధ్యాహ్నం కరెంటు పోయింది. బజారంతా మందగించింది. నేను కిటికీ రెక్కకు చిత్రిక పడుతున్నాను. గోడ మీది గిటారులో లావు తీగ ఒక్కసారి మోగింది. స్పీకరు బాక్సు లేదు, కరెంటు లేదు, గాలి లేదు. పెద్ద చప్పుడేం కాదు. పరాయి ఇంటి గుమ్మంలో నిలబడినవాడు పిలవడానికి మొహమాటపడి చిన్నగా దగ్గుతాడు చూడండి, అలా. చిత్రిక ఆపేశాను. నాకు భయం వేసిందని చెప్పడానికి సిగ్గుపడను. వేసింది.

ఈస్టరు ముందు వారం సోఫియా వచ్చింది. గిటారు వైపు చూడను కూడా లేదు. వాళ్ళమ్మకు బాగాలేదని, నేను వచ్చి వెళ్ళిన రోజు నుంచి గంజి నీళ్ళు తప్ప అన్నం ముట్టడం లేదని చెప్పింది. గడప పక్కనుండే మేకొకటి పోయిందట. ఆవిడ వాకిలంతా చేతులతో తడుముతూ, ఊళ్ళో పిల్లలందరినీ అడుగుతూ తిరుగుతోందట. గుమ్మడికాయల దొంగ అనకుండానే నేను భుజాలు తడుముకున్నాను. ఏం మేకమ్మా అన్నాను, ఏమీ ఎరగనట్టు.

సోఫియా గొంతు తగ్గించి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఎవరైనా ఇంటి బయట, దారిలో చచ్చిపోతే, వాళ్ళు నడుచుకుంటూ గుమ్మం దాకా వస్తారట. ఆ చావు ఒంటి మీద ఉండగా లోపలికి రాకూడదని, ముహూర్తాలు చూసే దిసారి గడప పక్కన చండ్ర మేకు తలకిందులుగా దిగ్గొడతాడు. చచ్చినవాడు మేకు దగ్గరే ఆగుతాడు. ఏడాది తిరిగాక తల్లో పెళ్ళామో ఆ మేకు పీకి, పేరు పెట్టి లోపలికి పిలుచుకోవాలి. నతానియేలుకు దిసారి భీముడు మేకు కొట్టాడు. చర్చికి పోయే ఇల్లు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఏడాది తిరిగి నాలుగు నెలలైంది. అమ్మ మాత్రం పీకలేదు. పాస్టరు గారికి తెలుస్తుందని భయమేమో, సోఫియాకు తెలియదు.

నేను అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. గిటారు శనివారానికి నేనే తెస్తానని పంపించేశాను. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, భుజం తిప్పుకుని, కుడి పక్కనుంచి దాటింది. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

సాయంత్రం దండి ఊడదీసి బల్లకు బిగించాను. చండ్ర బిరడాలను తొలిచి పారేసి టేకువి కొడితే సరిపోతుందనుకున్నాను. బరమా మొన మొదటి బిరడా మీద పెట్టాను. తిప్పితే పొడి వస్తుంది. పొడి ఊడ్చి బయట పోస్తాను. మరి ఆ పిల్లవాడు ఎక్కడ నిలబడతాడు? ఈ ప్రశ్న నా బుర్రలోకి వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా చెయ్యి కదలలేదు. బరమా తీసేసి, దండి మళ్ళీ బిగించాను.

శనివారం పొద్దున్నే గిటారు గోనెలో చుట్టి జీపెక్కాను. పాడేరు నుంచి పెదబయలు పోయే జీపు ఎలా ఉంటుందో ఎక్కినవాళ్ళకు తెలుసు. టాపు మీద పదిమంది, వెనక వేలాడేవాళ్ళు ఆరుగురు, డ్రైవరు ఒళ్ళో ఒకడు. ఆ జీపులో నాకు ఎడమ పక్కన ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా ఉంది. వేలాడేవాళ్ళు వేలాడుతూనే ఉన్నారు. ఒకడు కూర్చోబోయి, ఎవరికో క్షమాపణ చెప్పినట్టు తలూపి, మళ్ళీ లేచి కమ్మీ పట్టుకున్నాడు. మలుపు వచ్చిన ప్రతిసారీ గోనెలో తీగ సన్నగా వణికింది. నేను గోనె మీద చెయ్యి వేసి ఉంచాను. ఎందుకు వేశానంటే చెప్పలేను. మలుపులంటే వాడికి భయమేమో అనిపించింది.

మగ్దలేనమ్మ గడపలోనే కూర్చుని ఉంది. ఎడమ పక్క కన్నాన్ని వేళ్ళతో తవ్వి తవ్వి చారెడు గుంట చేసింది. మేకు పీకింది నేనేనని చెప్పేశాను. కోపంతో పీకానని, మంచి కర్రని తీసుకుపోయానని, ముక్కలు చేశానని, అంతా వరసగా చెప్పాను. నా జన్మలో అన్ని నిజాలు ఒకేసారి చెప్పలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చూపించమంది.

తీగలు వదులుచేసి, నాలుగు స్క్రూలూ తీసి, దండి పైకెత్తాను. తెల్ల చెక్కలో నాలుగు నల్లెర్రటి మచ్చలు. ఒక్కొక్క మచ్చనూ కొరికినట్టు ఒక్కొక్క కొత్త కన్నం. ఆవిడ నాలుగింటి మీదా వేలు పెట్టి చూసింది. లోపల్నుంచి సోఫియా వచ్చి నిలబడింది. కావాలంటే ఇప్పుడైనా తొలిచేస్తానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"బయమేసి మేకు పీకలేదని ఈ గుంట అనుకుంతంది," అంది మగ్దలేనమ్మ, కూతుర్ని చూపిస్తూ. "బయం కాదు. పీకి, మూడుపాలు పిలిసి లోపలికి తెచ్చుకున్నాక, మరి ఆ పేరు నానెత్తకూడదు. ఇంటి పెద్దల్లో కలిసిపోతాడు. పెద్దోల్లని పేరెట్టి పిలుత్తామేటి? గడప కాడున్నన్నాల్లూ పొద్దున్నే వాకిలి తుడిసినపుడు పేరెట్టి పిలిసీదాన్ని, మాటాడీదాన్ని. పలకడు. ఉంటాడు."

ఆ కన్నం అంచు తడుముతూ మళ్ళీ అంది. "నువ్వట్టుకెల్లిపోయినావు. ఇరవై రోజులు పైనైపోనాది, ఆ కన్నంతోనే మాటాడతన్నాను."

నేను దేవుణ్ణీ దయ్యాన్నీ నమ్మేవాణ్ణి కాదు. అయినా అబద్ధం చెప్పలేకపోయాను. "నా దుకాణం గుమ్మంలో నిలబడ్డాడమ్మా," అన్నాను. "ఎడం పక్కన."

"లోపలికి రమ్మన్నావా?"

లేదన్నాను.

"ఎవులూ రమ్మనలేదు," అంది ఆవిడ. "ఆడు అక్కడా నిలబడిపోనాడు, ఇక్కడా నిలబడిపోనాడు. నా సుకానికి నిలబెట్టీసినాను నా కొడుకుని."

సోఫియా వచ్చి తల్లి భుజం పట్టుకుంది. మగ్దలేనమ్మ ఆ చెయ్యి మెల్లగా తీసేసి లేచింది. భీముణ్ణి పిలిపించనా అని సోఫియా అడిగితే అక్కర్లేదంది. మేకు పీకేయడం ఎలాగూ అయిపోయింది, మిగిలింది పిలవడమే అంది.

"పీకిన సెయ్యి నీది మేస్త్రీ. పిలిసీ నోరు నాది. బయట కూసుని నీ పని నువ్వు సెయ్యి."

గడపకు ఎడమ పక్కన, ఆ గుంట దగ్గరే నేల మీద కూర్చున్నాను. దండిని కుండలో కూర్చోబెట్టి స్క్రూలు తిప్పడం మొదలుపెట్టాను. ఆవిడ గడప లోపల, బయటికి మొహం పెట్టి నిలబడింది. ఎండ నిండుగా ఉంది. తోటల్లో కాఫీ పూలు రాలిపోయి వాసన లేదు. ఊళ్ళో కోడి కూడా కూయలేదు.

మొదటి స్క్రూ బిగిశాక "నతానియేలూ" అని పిలిచింది. పొలంలో ఉన్నవాణ్ణి అన్నానికి పిలిచినట్టు, గట్టిగా. రెండోది బిగిశాక మళ్ళీ పిలిచింది, జ్వరం మీదున్నవాణ్ణి లేపినట్టు. మూడో స్క్రూ బిగించి, నాలుగోది కన్నంలో పెట్టి స్క్రూడ్రైవరు ఆనించి కూర్చున్నాను. ఆవిడ పిలవలేదు. తలెత్తి చూశాను. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఆ పేరు నోట్లో ఇంకాసేపు ఉంచుకుంటోందని నాకు అర్థమైంది. నేను కదలలేదు. ఎంతసేపైనా కూర్చునేవాణ్ణి.

చివరికి చాలా మెల్లగా పిలిచింది. నాకు వినపడలేదు, పెదాలు చూసి తెలుసుకున్నాను.

నా చేతిలో స్క్రూడ్రైవరు తిరిగింది. నేను తిప్పలేదు. స్క్రూ తనే లోపలికి వెళ్తుంటే, దాని గాడిలో ఉన్న నా పనిముట్టూ, నా మణికట్టూ దాంతో పాటు తిరిగాయి. ఎనిమిది చుట్లు తిరిగి, ఇంకొక్క పావు చుట్టు, సరిగ్గా నేనైతే ఎక్కడ ఆపుతానో అక్కడ ఆగింది.

"రా," అంది మగ్దలేనమ్మ. గడప మీదుగా చేతులు చాపి గిటారు అందుకుంది, పసివాణ్ణి అందుకున్నట్టు తల కింద చెయ్యి పెట్టి. నేను కోసి పడేసిన మేకు మొన కూడా జేబులోంచి తీసి ఇచ్చాను. దాన్ని పొయ్యిలో పెట్టింది. అడ్డాకు విస్తరిలో అన్నం వడ్డించి గిటారు ముందు పెట్టి, తర్వాత తను తిన్నది. ఇన్ని రోజుల్లో అన్నం తినడం అదే మొదలని సోఫియా చెప్పింది. నాకూ పెట్టారు.

ఆ రాత్రికి పెదబయలులో తెలిసినవాళ్ళింట్లో ఉండి, ఆదివారం తెల్లారగట్ల నేనూ సమాధుల దొడ్డికి వెళ్ళాను. నా పని ఎలా మోగుతుందో వినాలిగా. మంచు పట్టి మనిషికి మనిషి కనబడటం లేదు. చర్చిలోంచి వైరు లాగి బాక్సు పెట్టారు. కొవ్వొత్తులు చేతబట్టుకుని అందరూ పాడుతుంటే సోఫియా బేసు వాయించింది. మగ్దలేనమ్మ వచ్చింది. కొడుకు సమాధి పక్కన చెప్పుల్లేకుండా నిలబడింది.

పాట అయ్యాక అక్కడొక పద్ధతి ఉంది. పాస్టరు గారు ఒక్కో సమాధి దగ్గర ఆగుతారు. ఇంటివాళ్ళు తమవాళ్ళ పేరు పైకి చెబుతారు. ఆ పేరు మీద ఆయన ప్రార్థన చేసి ముందుకు పోతారు. ఈ పద్ధతి సంగతి నాకు ముందే తెలిసి ఉంటే, ఎలాగైనా ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి నాలుగు మాటలు చెప్పి ఉండేవాణ్ణి.

వాళ్ళ దగ్గరికి వచ్చి పాస్టరు గారు ఆగారు. "పేరు చెప్పమ్మా," అన్నారు మగ్దలేనమ్మతో, దయగానే. ఆవిడ నోరు బిగించుకుంది. ఆయన వేచి చూశారు. జనం తలలు తిప్పారు. ఆవిడ పెదాలు విడిపోలేదు. సోఫియా గిటారు తీసి రాతి సిలువకు ఆనించి, తల్లిని రెండు చేతులా పట్టుకుంది. తను చెప్పడానికి నోరు తెరిచింది.

లావు తీగ మోగింది. బాక్సులోంచి, కాళ్ళ కింద నేల అదిరేలా, ఒక్కసారి.

సోఫియా చేతులు రెండూ తల్లి చుట్టూనే ఉన్నాయి. నేను చూశాను. పాస్టరు గారు గిటారు వైపు ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మగ్దలేనమ్మ కూతురి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఏడాదిన్నరలో ఏడవడం అదే మొదటిసారట. ఇంటికి పోయేటప్పుడు ముందు తనే నడిచింది.

గాలికి మోగిందని నేను సోఫియాతో అన్నాను. పనివాడు అనాల్సిన మాట అది. ఆ రోజు కొవ్వొత్తులు నిటారుగా వెలుగుతున్న సంగతి ఇద్దరం మాట్లాడుకోలేదు. నేను దుకాణానికి తిరిగొచ్చేసరికి కుక్క గడప మీద ఎడమ పక్కనే పడుకుని ఉంది.

ఏటా ఈస్టరు ముందు సోఫియా ఆ గిటారు తెచ్చి స్క్రూలు చూడమంటుంది. స్క్రూడ్రైవరు పెట్టి చూస్తాను. ఇంతవరకు ఒక్కటీ వెంట్రుకవాసి కదలలేదు. అతుకుల వాయిద్యాల గురించి ఈ మధ్య నేను నోరు పారేసుకోవడం లేదు.

మగ్దలేనమ్మ మళ్ళీ తోట పనికి పోతోంది. పాడేరు సంతకు వచ్చినప్పుడు నా గుమ్మం ముందు బుట్ట దించి ఒక నిమిషం ఆగుతుంది. కొడుకు పేరు ఎత్తదు.

"లోపలోడు బాగున్నాడు మేస్త్రీ," అని చెప్పి వెళ్తుంది.